అల్బుకర్కీ బెలూను ఉత్సవము: పుట్టుక, పెరుగుదల, నిలుకడ

పండుగ యనగానే మన మనస్సునకు తరతరములనుండి వచ్చుచున్న ఆచారము తోచును. పురాణకథయో, రాజశాసనమో, పంటకాలమో దానికి మూలమై యుండుననియు, మూల మెంత ప్రాచీనమైన పండుగ కంత బలమనియు మనము నమ్ముచుందుము. పుట్టినగడ్డను విడిచి పరప్రాంతములలో స్థిరపడినవారి కీ నమ్మకము మరింత గాఢముగా నుండును. పూర్వులు వెంటతెచ్చిన పండుగను నిలుపుకొనుటయే తమ్ము తాము నిలుపుకొనుట యని వారు తలంతురు. అందు సత్యము లేకపోలేదు. అయినను పండుగకు ప్రాచీనత యొక్కటియే ప్రాణమా? పూర్వాచార మేమియు లేక, ఒక రేడియో కేంద్రపు పుట్టినరోజు సందడిగా మొదలైన వేడుక అర్ధశతాబ్ది దాటియు ఒక నగరమునకు సొంత పండుగగా నిలువగలదా? నిలిచినచో దేనివలన నిలిచినది? అమెరికా సంయుక్తరాష్ట్రములలో న్యూమెక్సికో రాష్ట్రమందలి అల్బుకర్కీ నగరమున ఏటేట జరుగు వేడిగాలి బెలూనుల ఉత్సవ చరిత్రను ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొని పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

బెలూను పుట్టుక

మానవుడు విమానమున ఎగురుటకు నూటయిరువది యేండ్ల పూర్వమే బెలూనులో ఎగిరెను. ఫ్రాన్సు దేశమున కాగితపు వ్యాపారము చేయు మోంగోల్ఫియే సోదరులు 1783 జూన్ 4వ తేదీన ఆనొనే పట్టణమున వేడిగాలి నింపిన పెద్ద సంచిని జనుల యెదుట ఆకాశమునకు పంపిరి. ఆ సంవత్సరమే నవంబరు 21వ తేదీన పిలాత్ర్ ద రోజియే, మార్క్వీ దార్లాంద్ అను నిరువురు అట్టి బెలూనులో పారిస్ నగరముపై ఎగిరిరి. కట్టుత్రాడు లేకుండ మానవులు గాలిలో చేసిన తొలి ప్రయాణ మదియే. పదిదినములకే ప్రొఫెసరు షార్లు అను శాస్త్రజ్ఞుడు హైడ్రొజన్ వాయువు నింపిన బెలూనులో ఎగిరెను. వాయు బెలూను ఎక్కువకాలము నిలుచును. అడుగున మంటను కాచుకొని యుండ నక్కరలేదు. అందుచే వేడిగాలి బెలూను క్రమముగా మూలబడి, నూటడెబ్బది యేండ్లకు పైగా వాయు బెలూనే రాజ్యమేలెను.

వేడిగాలి బెలూనునకు పునర్జన్మ నిచ్చినవాడు అమెరికా దేశీయుడగు ఎడ్ యోస్ట్. నైలాను వస్త్రపు సంచిని కుట్టించి, ప్రొపేను వాయువుతో మండు బర్నరును దానిక్రింద అమర్చి, 1960 అక్టోబరు 22వ తేదీన నెబ్రాస్కా రాష్ట్రమందలి బ్రూనింగ్ అను నూరివద్ద ఆయన ఎగిరెను. గడ్డి, కట్టెలు కాల్చి పైకి లేచిన తొలి బెలూనులో మంట వశమున మనిషి యుండెను. యోస్ట్ బెలూనులో మనిషి వశమున మంట యుండెను. మీట నొక్కినచో మంట లేచును, విడిచినచో ఆగును. ఈ చిన్న మార్పుచే బెలూను సామాన్య కుటుంబములు కొని యెగురవేయదగిన వస్తువయ్యెను. మనము చెప్పబోవు ఉత్సవమునకు భౌతికమైన మూల మిదియే.

బెలూను పైకి లేచుటలోని సూత్రము సులభము. వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికయగును. సంచిలోని గాలిని సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసినచో, ప్రతి ఘనమీటరును సుమారు పావుకిలో బరువును ఎత్తగలదు. సాధారణమైన బెలూనులో 2,200 ఘనమీటర్ల గాలి పట్టును. అనగా అది ఎత్తగల మొత్తము బరువు 550 కిలోలు. ఇందులో సంచి, తీగెలతో అల్లిన బుట్ట, బర్నరు, వాయువు సిలిండర్లు పోగా ముగ్గురు నలుగురు మనుష్యులకు చోటుండును. బయటి గాలి ఎంత చల్లగా నున్న ఎత్తుబలము అంత హెచ్చు. కనుకనే బెలూనులవారు ఉషఃకాలమును కోరుదురు. ఇక పక్కకు పోవుటకు బెలూనులో చుక్కాని లేదు. గాలి ఎటు వీచిన అటే పోవలెను. నడుపువాని చేతిలోనున్నది ఎత్తు ఒక్కటే.

అల్బుకర్కీలో తొలి యెగురుట

అల్బుకర్కీ సముద్రమట్టమునకు 5,000 అడుగుల కెగువనున్న పట్టణము. 1706లో స్పెయిను వారి పాలనలో ఏర్పడెను. పడమట రియో గ్రాండే నది, తూర్పున పదివేల అడుగులు మించిన సాందియా పర్వతములు. ఇచ్చట మొదట ఎగిరినది వేడిగాలి బెలూను గాదు, వాయు బెలూను. 1882 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్యదినమున, పార్క్ వాన్ టాసెల్ అను సాహసి బొగ్గువాయువు నింపిన బెలూనులో ఈ పట్టణమునుండి ఎగిరెను. ఈతడు తరువాత బెలూను ప్రదర్శనలతో ఆసియా ఖండమున సంచరించెను. ఆ బృందమునకు చెందిన జానెట్ వాన్ టాసెల్ 1892 మార్చిలో, నాడు మనదేశమున భాగమైన ఢాకాలో, బెలూనునుండి పారాచూటుతో దిగుచు చెట్టున చిక్కుకొని, దించబోవునప్పుడు పడి మరణించెను. ఈ విధముగా అల్బుకర్కీ బెలూను చరిత్రలోని తొలి పేరు మన గడ్డపై జరిగిన యొక విషాదముతోను ముడివడి యున్నది. అయినను వాన్ టాసెల్ ప్రదర్శన ఒక నాటి వింతగానే ముగిసినది. దానినుండి పండుగ పుట్టలేదు. తరువాత తొంబది సంవత్సరములు గడచినవి.

1972: పదుమూడు బెలూనులు

ఆ నగరమున విమానముల వ్యాపారము చేయు సిడ్ కట్టర్ అను నాతడు 1971లో తన తల్లి పుట్టినరోజు వేడుకకై ఒక వేడిగాలి బెలూనును తెప్పించెను. న్యూమెక్సికోలో సొంతముగా అట్టి బెలూనును కలిగినవారిలో ఆయనయే ప్రథముడు. అప్పు డచ్చటి 770 కె.ఓ.బి. అను రేడియో కేంద్రమునకు ఏబదియేండ్లు నిండుచుండెను. ఆ కేంద్ర నిర్వాహకుడు డిక్ మెకీ కట్టరును చూచి, వార్షికోత్సవమున మీ బెలూను నెగురవేయుదురా యని యడిగెను. మాటలలో మాటగా, ప్రపంచమున ఒకేచోట చేరిన వేడిగాలి బెలూను లెన్ని యను ప్రశ్న వచ్చెను. ఇంగ్లండున 19 చేరినవని తేలెను. అంతకు మించి మనమేల చేర్చరాదని వారు సంకల్పించిరి.

వత్తుమని మాట యిచ్చినవారు 21 మంది. కాని వాతావరణము బాగుండక, దారిలో కొందరు నిలిచిపోయిరి. తుదకు 1972 ఏప్రిల్ 8వ తేదీన కొరొనాడో సెంటరు అను అంగళ్ల సముదాయపు బండ్లు నిలుపు స్థలమునుండి లేచినవి 13 బెలూనులు మాత్రమే. రికార్డు దక్కలేదు. కాని చూడవచ్చినవారు సుమారు 20,000 మంది. లెక్కలో ఓడిన ఆ ఉదయమే పండుగగా గెలిచినది. సంకల్పించినవారు కోరినది ప్రపంచ ప్రథమస్థానము. లభించినది నగరజనుల మక్కువ. మొదటిది దక్కియున్నచో మరుసటి యేడాది మరియొక నగర మెగురవేసుకొని పోయెడిది. రెండవది ఎవరును ఎత్తుకొనిపోలేనిది.

మరుసటి సంవత్సరమే, 1973 ఫిబ్రవరిలో, వేడిగాలి బెలూనుల తొలి ప్రపంచపోటీలు అల్బుకర్కీలోని రాష్ట్రపు సంతమైదానమున జరిగినవి. అంగడి ముంగిట పుట్టిన వేడుక ఏడాది తిరుగకముందే ప్రపంచపటమున కెక్కెను. అయితే శీతకాలపు ఫిబ్రవరి అచ్చటి ఎగురుటకు అనుకూలము గాదు. 1975నుండి ఉత్సవమును అక్టోబరునకు మార్చిరి. ఈ మార్పే ఉత్సవ చరిత్రలో కీలకము. దాని కారణము తెలియవలెనన్న ఆ నగరపు గాలిని గూర్చి తెలిసికొనవలెను.

గాలిపెట్టె

అక్టోబరు మాసమున అల్బుకర్కీలో రాత్రులు చల్లగాను, ఆకాశము నిర్మలముగాను ఉండును. రాత్రి నేల చల్లబడగా దానినంటిన గాలియు చల్లబడి బరువెక్కి, నీరు పల్లమునకు పారునట్లు రియో గ్రాండే లోయ వెంబడి ఉత్తరమునుండి దక్షిణమునకు మెల్లగా జారును. దానిపైన కొన్ని వందల అడుగుల యెత్తున గాలి దక్షిణమునుండి ఉత్తరమునకు వీచుచుండును. కనుక బెలూను నడుపువాడు తక్కువ యెత్తున దక్షిణమునకు సాగి, బర్నరు మండించి పైకి లేచి ఉత్తరమునకు మరలి, తిరిగి క్రిందికి దిగి బయలుదేరిన చోటికే చేరవచ్చును. చుక్కాని లేని వాహనమునకు ప్రకృతియే చుక్కాని యగుట ఇది. ఈ నాలుగు కదలికలు కలిసి పెట్టె ఆకారము నేర్పరచుటచే దీనికి ‘అల్బుకర్కీ పెట్టె’ అని పేరు. సూర్యుడు పొడిచి నేల వేడెక్కినకొద్ది పై గాలియు క్రింది గాలియు కలిసిపోయి, కొన్ని గంటలలో ఈ పెట్టె కరగిపోవును. ప్రతిదినము అది యేర్పడునని నమ్మకము లేదు. ఏర్పడు దినములు అక్టోబరులో హెచ్చు.

ఎత్తైన ప్రదేశమున గాలి పలుచనగుటచే సముద్రతీరముతో పోల్చినచో బెలూను ఎత్తుబలము సుమారు ఆరవవంతు తగ్గును. ఆ నష్టమును ఉషఃకాలపు చలి కొంత పూరించును. ఈ విధముగా ఆ లోయ, ఆ మాసము, ఆ ఘడియ మూడును కలిసి పండుగకు ముహూర్త మేర్పరచినవి. మన పెద్దలు తిథివారనక్షత్రములు చూచినట్లే అచ్చటివారు గాలిని చూచి ముహూర్తము పెట్టిరనుట అతిశయోక్తి గాదు.

ఉత్సవక్రమము

ఉత్సవము తొమ్మిది దినములు సాగును. సూర్యోదయమునకు ముందే కొన్ని బెలూనులు దీపములతో పైకి లేచును. వీనికి ‘ఉషోరక్షకభట’ పదమువంటి పేరు కలదు. 1978నుండి నడచుచున్న ఈ యాచారము కేవల వేడుక గాదు. చీకటిలో ముందుపోయిన ఈ బెలూనులు ఏ యెత్తున ఎటు పోవుచున్నవో చూచి, క్రిందనున్నవారు గాలితీరును గ్రహింతురు. తరువాత సుమారు ఏడుగంటలకు వందలకొలది బెలూనులు వరుసలుగా లేచును. ఒక్కొక్క బెలూను లేచుటకు అనుమతి నిచ్చువారు నలుపు తెలుపు చారల చొక్కాలు ధరింతురు. అందుచే వారిని ‘జీబ్రా’లని పిలుతురు. సాయంకాలములందు బెలూనులను నేలపైనే కట్టియుంచి బర్నర్లను మండింపగా అవి పెద్ద దీపగుమ్మటములవలె వెలుగును. జంతువులు, పాత్రలు మొదలగు రూపములతో కుట్టిన బెలూనులకు 1989నుండి ప్రత్యేక ప్రదర్శన మేర్పడినది. మైదానమున చలికి వణకుచు జనులు తినునది అచ్చటి పచ్చిమిరప కూర్పుతో చుట్టిన వేడి రొట్టె. అది మిరపపంట కాలము. మన సంక్రాంతికి క్రొత్తబియ్యమువలె ఆ పండుగకు క్రొత్తమిరప.

ఒక బెలూను ఎగురుటకు బుట్టలోనివారు చాలరు. సంచిని పరచువారు, నోరు పట్టువారు, త్రాడు లాగువారు, బండిలో వెంబడించి దిగినచోట చుట్టిపెట్టువారు కావలయును. ఈ వెంబడించు జట్టులో నగరవాసులు జీతము లేక చేరుదురు. పొరుగుదేశమునుండి వచ్చినవారికి జట్టుగా స్థానికులే నిలుతురు. ఉత్సవ నిర్వహణలో వేయిమందికి మించిన శ్రమదాతలు పాల్గొందురు. చూచువారు త్రాళ్లవెలుపల నిలువ నక్కరలేదు. బెలూనుల నడుమ నడచుచు, పిలిచినచో చేయి వేయవచ్చును. ఒకసారి త్రాడు పట్టినవాడు మరుసటి యేడు ప్రేక్షకుడుగా రాడు, ఇంటివాడుగా వచ్చును. ఈ వేడుకను పండుగ జేసినది ఈ కలుపుగోలుతనమే.

కీర్తియు, మూల్యమును

1978 ఆగస్టులో అల్బుకర్కీ వాసులగు బెన్ అబ్రూజో, మాక్సీ ఆండర్సన్, లారీ న్యూమన్ అను మువ్వురు ‘డబుల్ ఈగిల్ 2’ అను హీలియం బెలూనులో మెయిన్ రాష్ట్రమునుండి బయలుదేరి, సుమారు 137 గంటలు ప్రయాణించి, ఫ్రాన్సులోని మిజెరే గ్రామమువద్ద దిగిరి. బెలూనుతో అట్లాంటికు మహాసముద్రమును దాటిన ప్రథములు వీరు. దీనితో నగరమునకు బెలూనుల రాజధాని యను ప్రఖ్యాతి స్థిరపడెను. ఆండర్సన్, అబ్రూజోల పేర నగరమున బెలూను మ్యూజియము 2005లో తెరువబడినది.

ఈ కీర్తికి మూల్యమును కలదు. 1982 అక్టోబరులో ఉత్సవమున ఒక పెద్ద బెలూను ప్రొపేను ప్రమాదమున కాలిపోయి నలుగురు మరణించిరి. మాక్సీ ఆండర్సన్ 1983లో జర్మనీ దేశమున బెలూను ప్రమాదమునకే బలియయ్యెను. బెన్ అబ్రూజో కుమారుడు రిచర్డు 2010లో వాయు బెలూనుల పందెమున, తన సహచరి కరోల్ రైమర్ డేవిస్‌తో కూడ, ఏడ్రియాటిక్ సముద్రమున పడి మరణించెను. బెలూనులకు ప్రధాన శత్రువులు గాలివానలును విద్యుత్తు తీగెలును. కనుక గాలి హద్దు మీరినచో వేలమంది కాచుకొని యున్నను ఆనాటి ఎగురుట నిలిపివేయుదురు. మైదానమున పచ్చజెండా, పసుపుజెండా, ఎఱ్ఱజెండాలతో ఈ నిర్ణయమును తెలుపుదురు. వేలమంది నిరాశను సహించియైనను ‘నేడు వద్దు’ అనగలుగుట ఆ యుత్సవ నిర్వాహకుల క్రమశిక్షణకు నిదర్శనము.

దిగుటకు చోటు

ఉత్సవము పెరిగినది. దానితోపాటు నగరమును పెరిగినది. ఇళ్లు, బాటలు వ్యాపించినకొద్ది బయలుదేరు మైదానము పలుమార్లు మారి, 1996నుండి నేటి బెలూను ఉద్యానవనమున స్థిరపడినది. ఆ ఉద్యానము 350 ఎకరములకు పైబడినది. బయలుదేరుటకు చోటు దొరకినది. దిగుటకు చోటే కరవైనది. బయలుదేరు మైదానమును నగరము కొని యుంచవచ్చును. దిగుచోటు గాలి నిర్ణయించును. అది పొలము కావచ్చును, బడి మైదానము కావచ్చును, ఒకరి పెరడు కావచ్చును.

బెలూనువారికి నేలవారితో సామరస్య మెంత యవసరమో 1783లోనే తెలిసినది. షార్లు మనుష్యులు లేకుండ పంపిన తొలి హైడ్రొజన్ బెలూను గొనెస్ గ్రామమున దిగగా, దానిని భూతమని భ్రమించి రైతులు చీల్చివైచిరి. దిగినచోట భూస్వామికి మద్యపుసీసా నొసగు ఆచారము బెలూనువారిలో నేటికిని కలదు. ఆకాశము పొరుగువారిదైనను పట్టింపు లేదు, నేల మాత్రము పొరుగువారిదని మరువరాదనుట దాని తాత్పర్యము.

2000 సంవత్సరమున నమోదైన బెలూనుల సంఖ్య 1,019. అదియే శిఖరము. మరుసటి యేడే నిర్వాహకులు సంఖ్యను 750కి పరిమితము చేసిరి. సంఖ్యకంటె నాణ్యతయే ముఖ్యమనుట కారణము. దిగు స్థలములు తగ్గిపోవుటచే 2009లో ఆ హద్దును 600కు దింపిరి. పందొమ్మిదిని మించవలెనను కోరికతో పుట్టిన ఉత్సవము, వేయిని మించిన పిమ్మట తనంత తానే సంఖ్యను తగ్గించుకొన్నది. ఇటీవలి సంవత్సరములలో తొమ్మిది దినములకు కలిపి వచ్చువారి లెక్క ఎనిమిది లక్షలకు పైబడి యున్నది. బెలూనులు తగ్గినందున జనులు తగ్గలేదు. 2020లో కోవిడ్ వ్యాధిచే ఉత్సవము నిలిచిపోయి, 2021లో మరల సాగి, 2022లో ఏబదియవ ఉత్సవము జరిగినది. ఆద్యుడగు సిడ్ కట్టర్ 2011లోనే కీర్తిశేషుడయ్యెను. ఆద్యుడు పోయినను, ఒక యేడు తప్పినను నిలిచినదే పండుగ. ఆద్యునితో పోవునది ప్రదర్శన.

మన దేశమున

మన దేశమునను ఇట్టి యత్నములు జరిగినవి. తమిళనాడులోని పొల్లాచ్చియందు 2015నుండి పొంగలి దినములలో బెలూను ఉత్సవము నడచుచున్నది. ఆంధ్రప్రదేశమున అరకులోయయందు 2017 నవంబరులో విదేశీ బెలూనులు ఎగిరినవి. కోయంబత్తూరు సీమలో స్థిరపడిన మన తెలుగువారికి పొల్లాచ్చి గాలి పరిచితమే. పడమటి కనుమలు పాలక్కాడువద్ద తెగి యేర్పడిన కనుమగుండ ఆ గాలి సాగును. అచ్చట అల్బుకర్కీ పెట్టె లేదు. ఆ గాలికి తగిన మర్యాదలను అచ్చటి వారే నేర్వవలెను. బయటినుండి బెలూనులను రప్పింపవచ్చును; వానిని దించుకొను రైతులను, త్రాడు పట్టు యువకులను రప్పింపజాలము. వారు ఆ యూరివారే కావలయును.

పైన చెప్పిన చరిత్రనుండి మూడంశములు తేలుచున్నవి. ఆ వేడుక తానున్న నేలకును గాలికిని తగినట్లు తన కాలమును మార్చుకొన్నది. చూడవచ్చినవారిని పనివారిగా జేసికొన్నది. పెరుగుదలకు హద్దు తానే గీసికొన్నది. ప్రాచీనత లేని కొరతను ఈ మూడును తీర్చినవి. పరసీమలలో సంక్రాంతి, ఉగాదులను నిలుపుకొనుచున్న మన సమాజములకును ఇవి ఆలోచింపదగిన విషయములు. మన పండుగలకు ప్రాచీనత పుట్టుకతో వచ్చిన ఆస్తి. కాని మన పిల్లలు ఆ పండుగకు ప్రేక్షకులుగా వచ్చుచున్నారా, త్రాడు పట్టుటకు వచ్చుచున్నారా యన్నదే దాని ఆయుర్దాయమును నిర్ణయించును.